కాడియు, కొక్కెమును

(యాలాల గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



పుస్తకముల పండుగనాడు పురాణమో ప్రబంధమో వినిపింపక, మోటారుబండి వెనుక తగిలించు ఇనుప కొక్కెమును గూర్చి ప్రసంగమేమని కొందఱు ముక్కుమీద వ్రేలు వేసికొనవచ్చును. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు మొదలగు పెద్దలు హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పినపుడు, చరిత్రములతోపాటు ప్రకృతిశాస్త్రములును తెలుగున వెలువడవలెనని సంకల్పించిరి. ఆ సంకల్పము చాలవఱకు నెఱవేఱినది. కాని కొలిమిలోని విద్య, వెల్డింగు దుకాణములోని విద్య ఇంకను అక్షరముల కెక్కవలసియే యున్నది. యాలాల యువకుడొకడు తాండూరికి పోయి తన పికప్పు బండికి వెనుక కొక్కెము పెట్టింపదలచినాడనుకొందము. అది ఎంత బరువు లాగును? దేనికి బిగింపవలెను? ఎట్లు అతుకవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పు తెలుగు పుస్తకము బీరువాలో వెదకినను చేతికి తగులుట కష్టము. ఈ ప్రసంగము ఆ కొఱతను తీర్చునంతటిది కాదు. ఆ ప్రశ్నలను దుకాణదారుని అడుగు ధైర్యము కలిగించిన చాలును.

కైకేయి వ్రేలి కథ ఎఱుగనివారు ఈ సభలో ఉండరు. దేవాసుర యుద్ధమున దశరథుని రథపు ఇరుసుసీల ఊడిపోగా, ఆమె తన వ్రేలినే సీలగా దోపి రథము కూలకుండ నిలిపినదని జనులు చెప్పుకొందురు. వాల్మీకి రామాయణమున ఈ వ్రేలి ముచ్చట లేదు. అచట కైక, స్మృతి తప్పిన భర్తను రణరంగమునుండి తప్పించి కాపాడినదని మాత్రమే కలదు. వ్రేలి కథను పిదప ఎవరు చేర్చినను, వారు బండిని బాగుగా ఎఱిగినవారై యుండవలెను. గుఱ్ఱములు మేలుజాతివి, రథము బంగారుది, ఎక్కినవాడు చక్రవర్తి. అయినను అందఱి ప్రాణములును బెత్తెడు ఇనుపముక్కలో ఉన్నవి. అమరకోశము సైతము ఇరుసు కొసనుండు ఆ సీలను మఱువక, దానికి ఆణి యని వేఱుగా పేరు చెప్పినది. సంస్కృతమున కాడికి యుగమని పేరు. యుగము, యోగము, యుక్తి యను మాటలన్నియు కూర్చుట యను అర్థము గల ఒకే ధాతువు సంతానము. ఈనాటి విషయము కూడ ఆ కూర్చుటయే: లాగు బండికిని, లాగబడు బండికిని నడుమనుండు కూర్పు.

రథముల మాట అట్లుంచి, ఊరిలో అందఱు ఎఱిగిన ఎడ్లబండిని చూతము. ఇరుసు, కుండ, ఆకులు, పూటీలు, నొగలు, కాడి అని దానికి ఎన్ని అంగములున్నను, తోలువాని నేర్పంతయు బరువు పేర్చుటలో తెలియును. బస్తాలు ముందుకు ఎక్కువైనచో కాడి ఎడ్ల మెడలను నలుపును. వెనుకకు ఎక్కువైనచో కాడి పైకి లేచి, మెడత్రాడు గొంతునకు బిగిసి, ఎడ్లకు ఊపిరి సలుపదు. అందుచేత అనుభవశాలియైన రైతు ఎడ్లను కట్టకముందే నొగకొనను ఒక చేతితో ఎత్తి చూచును. చేతికి కొంత బరువు తెలియవలెను. కాని చేయి దిగలాగినట్లు ఉండరాదు. నొగ గాలిలో తేలిపోయినచో రెండు బస్తాలు ముందుకు జరుపును. ఇది బడిలో చదివిన విద్య కాదు. అయినను నేటి వాహనశాస్త్రమున వెనుకబండి కట్టువారు మొదట నేర్చుకొను పాఠము ఇదియే. అమెరికా దేశపు వాడుక ననుసరించి, వెనుకబండి మొత్తము బరువులో నూటికి 10 నుండి 15 పాళ్ళు కొక్కెముమీద వ్రాలవలెను. వెనుకబండి వేయి కిలోలదైనచో కొక్కెముమీద కనీసము ఒక క్వింటాలు ఉండవలెనన్నమాట. దీనిని కొలుచుటకు గొప్ప యంత్రమేమియు అక్కఱలేదు. కంది బస్తాలు తూచు కాటాపై, కొక్కెము ఎత్తునకు సరిపోవునట్లు దిమ్మెలు పేర్చి, సమతలమైన నేలపై వెనుకబండి నొగను దానిమీద ఆనించి చూచినచో అంకె తెలియును.

ఈ లెక్క తప్పినచో ఏమగునో ఎడ్లు చెప్పలేవు గాని నిలిచిపోవును. మోటారుబండి నిలిచిపోదు, అదే చిక్కు. వెనుక బరువు మీఱినపుడు వెనుకబండి నొగ, పికప్పు వెనుకభాగమును పైకెత్తును. వెనుక చక్రములు నేలను గట్టిగా పట్టవు. గంటకు ఇరువది మైళ్ళ వేగమున ఏమియు తెలియదు. నలువది దాటగానే వెనుకబండి చేపతోకవలె ఇటునటు ఊగ నారంభించును. ఆ ఊపు క్షణక్షణమునకు పెరిగి, ముందుబండిని కూడ రోడ్డుమీదనుండి త్రిప్పివేయగలదు. అపుడు భయపడి బ్రేకు గట్టిగా త్రొక్కుటయు, స్టీరింగును అటునిటు గుంజుటయు ఆపదను పెంచును. మెల్లగా కాలు తీసి వేగము తగ్గనిచ్చుటయే మార్గము. ఊగిన పిదప చేయు ఉపాయముకంటె కట్టకముందు రెండు బస్తాలు జరుపుట సులభము గదా!

బండికి బండి కట్టు విద్య ఈ ప్రాంతమునకు ఇనుప రూపమున వచ్చినది రైలుతోనే. వాడి జంక్షను నుండి హైదరాబాదు వైపునకు నిజాము రైలుమార్గము 1874లో తెఱవబడినది. తాండూరు, వికారాబాదు ఆ దారిలోనివే. పాతకాలపు రైలుపెట్టెల నడుమ చూచినవారికి గుర్తుండును: మధ్యనున్న మరకొక్కెము లాగుటకు, ఇరుప్రక్కలనున్న గుండ్రని బఫరులు నెట్టును ఓర్చుటకు. లాగుట వేఱు, నెట్టుట వేఱు అని గ్రహించి రెండు పనులకు రెండు అంగములు అమర్చిరి. నేటి గూడ్సు పెట్టెలలో మధ్యనున్న ఇనుప పిడికిలి ఒక్కటే రెండు పనులును చేయుచున్నది. వంచిన వ్రేళ్ళు రెండు ఒకదానినొకటి పట్టుకొన్నట్లుండు ఆ పిడికిలికి మూలరూపమును అమెరికాలో ఈలై జానీ యను ఆయన కల్పించి 1873లో పేటెంటు పొందెను. అంతకుముందు అచటి రైళ్ళలో లంకెయు పిన్నును మాత్రమే ఉండెడివి. పెట్టెలు దగ్గఱకు వచ్చుచుండగా పనివాడు నడుమ నిలిచి చేతితో లంకెను పట్టి పిన్ను దోపవలసి వచ్చెడిది. ఎందఱి వ్రేళ్ళో, ఎందఱి ప్రాణములో పోయిన పిమ్మట, 1893లో ఆ దేశమువారు మనుష్యుడు పెట్టెల నడుమ దూఱనక్కఱలేకుండ తామంతట తామే తగులుకొను కొక్కెములనే వాడవలెనని చట్టము చేసిరి.

ఆ చట్టపు గాలి ట్రాక్టరు ట్రాలీలకు సోకలేదు. కంది నూర్పిళ్ళ కాలమున ఏ పొలము గట్టున నిలిచి చూచినను కనబడు దృశ్యమే. ట్రాక్టరు వెనుకకు వచ్చుచుండును. పదునాఱేండ్ల కుఱ్ఱవాడు ట్రాలీ నొగను ఒక చేత ఎత్తి, రెండవ చేత పిన్ను పట్టుకొని నడుమ నిలుచుండును. తోలువానికి వెనుక ఏమున్నదో సగము కనబడదు. క్లచ్చిమీది కాలు ఒక్క అంగుళము జాఱినచో రంధ్రముల నడుమ ఉన్న వ్రేలు తెగును. కైక వ్రేలికి రెండు వరములు దక్కినవి. ఈ కుఱ్ఱవాని వ్రేలికి ఆనాటి కూలి తప్ప మఱేమియు దక్కదు.

ట్రాక్టరు మాట వచ్చినది కనుక ఒక విషయము. కొక్కెము ఎంత ఎత్తున ఉండవలెనన్నది అలంకారమునకు సంబంధించినది కాదు. లాగు బలము వెనుక ఇరుసునకు పైయెత్తున పట్టినచో, బరువు కదలకున్నప్పుడు ట్రాక్టరు తన ఇరుసు చుట్టు తానే తిరిగి, ముందు చక్రములు లేచి వెనుకకు బోర్లపడును. తొలినాటి ట్రాక్టరులు నాగలి రాతికి తగిలినపుడు ఇట్లే ముందుకాళ్ళెత్తి తోలువానిపై పడెడివి. ఐర్లండు దేశీయుడు హారీ ఫెర్గూసను దీనికి విరుగుడుగా, నాగలిని మూడుచోట్ల పట్టియుంచు అమరికను కనిపెట్టి 1926లో పేటెంటు పొందెను. 1939లో ఫోర్డు ట్రాక్టరుతో అది లోకమంతట ప్రాకినది. 1960లో మద్రాసులో స్థాపింపబడిన టాఫే కంపెనీవారి మాసీ ఫెర్గూసను ట్రాక్టరుల మూతిమీద ఉన్నది ఆయన పేరే. ఆయన నేర్పినది కూడ, ట్రాలీని ఏ పైకడ్డీకో తగిలించుట సులువని తగిలించు తొందరలో మఱచిపోవుదుము. ట్రాలీలలో మనుష్యులను ఎక్కించుటను గూర్చియు ఒక్కమాట. 2018 జూన్ నెలలో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గఱ పొలము పనికి పోవు కూలీల ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో పడి పదునైదుగురు మృతిచెందిరి. అందు స్త్రీలే అధికము. ఆ మూసీ మన అనంతగిరి కొండలలో పుట్టినదే. దోషము కొక్కెముదని చెప్పుట కాదు. బరువు మోయుటకు కట్టిన పెట్టెలో మనిషి కూర్చుండినపుడు, నడుమనున్న పిన్ను మోయు బాధ్యత ఎంతటిదో తలచుకొనుటకు చెప్పవలసి వచ్చినది.

ఇక పికప్పు బండి. ఊరిలో కూరగాయలకు, పాలకు, పశువుల దాణాకు ఎడ్లబండి చేసిన పనులన్నియు నేడు ఇది చేయుచున్నది. ఇంటికప్పు పోయువారు కాంక్రీటు మిక్సరును దీని వెనుక కట్టి ఊరూరు త్రిప్పుదురు. కొందఱు నూర్పిడి యంత్రమును, కొందఱు జనరేటరును కట్టుదురు. కొక్కెము కావలెననగానే దుకాణమున అందఱికి కనబడు చోటు వెనుక బంపరు. చేతికి అందును, చూపునకు ఆనును, అరగంటలో అతుకవచ్చును. రెండు కడ్డీలు, ఒక రంధ్రము, పైన నల్లరంగు; పని ముగిసినది! పైన పటారము, లోన లొటారము అన్న సామెత దీనికొఱకే పుట్టినదేమో. బంపరు బండికి చర్మము, ఛాసిస్ ఎముక. చర్మమునకు కట్టి ఏనుగును లాగుమన్నచో చర్మము చినుగును గాని ఏనుగు కదలదు. వెనుకనుండి వచ్చు ద్విచక్రవాహనము బండి క్రిందికి దూఱిపోకుండ ఆపుట, చిన్న తాకిడిని తాను నలిగి ఓర్చుకొనుట, ఇవి బంపరునకు ఏర్పడిన పనులు. లాగుట దాని పని కాదు. అమెరికా పికప్పులలో కొన్నింటికి బంపరులోనే కొక్కెపు గుండు పెట్టుటకు రంధ్రము ఉండుట నిజమే. కాని ఆ బంపరును మందపు ఉక్కుతో చేసి, నేరుగా ఛాసిస్‌కు బోల్టులతో బిగించి, ఇంత బరువునకు మించరాదని దానిమీద అచ్చుకొట్టి ఇత్తురు. అచ్చు లేని బంపరును చూచి ఆ బంపరు పని చేయుమనుట న్యాయము కాదు.

లెక్క వేసి చూచినచో సంగతి ఇంకను స్పష్టపడును. వెనుకబండి వేయి కిలోలు. దానికి బ్రేకులు లేవు. పికప్పు తోలువాడు అడ్డమువచ్చిన గేదెను చూచి గట్టిగా బ్రేకు వేసినాడు. భూమ్యాకర్షణలో సగపాటి వేగమున బండి ఆగినదనుకొన్నను, వెనుకబండి 500 కిలోల బలముతో కొక్కెమును ముందుకు నెట్టును. కొక్కెము బంపరునకు 15 సెంటీమీటర్లు క్రిందుగా వ్రేలాడుచున్నచో, ఆ నెట్టు బంపరును మెలిపెట్టును. ఎంత? ఒక మీటరు పొడవు కడ్డీ కొసన 75 కిలోల మనిషి వ్రేలాడి త్రిప్పినంత. పలుచని రేకు ఈ మెలికను ఒకమాఱు ఓర్చును, పదిమార్లు ఓర్చును. ఇనుపతీగను చేతితో అటునిటు వంచి విఱుచుట పిల్లలందఱు చేసిన పనియే. ఒక్కసారి లాగిన విఱుగని తీగ, చిన్న వంపులు పెక్కుమార్లు పడగా తెగును. కొక్కెము తెగుట కూడ అట్టిదే. అందుచేతనే ఐరోపాలో కొక్కెములను పరీక్షించువారు ఒక పెద్ద లాగుతో తృప్తిపడక, ఇరువది లక్షల మార్లు ముందువెనుకలకు గుంజి, పగులు పుట్టినదేమో చూతురు. వారి లెక్కపద్ధతి గ్రామములో లెక్కలు వ్రాయువారికి సైతము రుచించును. రెండు బండ్ల బరువులను గుణించి, ఆ రెంటి మొత్తముచే భాగింపవలెను. పికప్పు 2,800 కిలోలు, వెనుకబండి 1,000 కిలోలు అయినచో వచ్చు అంకె సుమారు 737 కిలోలు. ఆ రెండు బండ్ల నడుమ కొక్కెమునకు ఉండవలసిన బలమునకు అది కొలమానము. కొక్కెముమీద అచ్చు కొట్టిన అంకె దానికి తక్కువ కారాదు.

బరువు విషయమున కన్ను మోసపోవుట కలదు. తాండూరు ప్రాంతమున నాపరాయి అందఱికి తెలిసినదే. రెండడుగుల చదరము, అంగుళము మందము గల బండ ఒకటి దాదాపు ఇరువది నాలుగు కిలోలు తూగును. అట్టివి నలువది పేర్చినచో ఎత్తు నలువది అంగుళములే, బరువు ఇంచుమించు టన్ను. పెట్టెలో ముప్పాతిక ఖాళీగానే కనబడును. కందికట్టెను కొండంత ఎక్కించుకొని పోవు బండిని చూచి అందఱు ప్రక్కకు తొలగుదురు. నాలుగు వరుసల బండలతో పోవు బండిని చూచి ఎవరును భయపడరు, భయపడవలసినది దానికే.

ఇక చేయు విధానము. మొదట బండిని తయారుచేసిన కంపెనీ ఇచ్చిన పుస్తకము తెఱచి, ఆ బండి వెనుకబండిని లాగవచ్చునని ఉన్నదా, ఎంత బరువు వఱకు అని చూడవలెను. లేదని వ్రాసియున్నచో అంతటితో ఆ ఆలోచన మానుకొని ట్రాక్టరును బాడుగకు తెచ్చుకొనుట మేలు. ఉన్నదన్నచో, కంపెనీ ఆమోదించిన కొక్కెము దొరకునేమో విచారింపవలెను. అదియు దొరకనపుడే దుకాణము మాట.

దుకాణమున బండి క్రిందికి దూఱి చూచినచో, ముందునుండి వెనుకకు పోవు రెండు పొడవాటి ఉక్కు దూలములు కనబడును. అవియే బండి వెన్నెముక. కొక్కెము మోయు అడ్డుదూలమును ఆ రెంటి నడుమ పెట్టవలెను. నూఱు మిల్లీమీటర్ల చానలు ముక్క దీనికి తగినది. దాని రెండు కొసలకు పది మిల్లీమీటర్ల మందపు పలకలను అతికి, ఆ పలకలను ఛాసిస్ దూలముల నిలువు ముఖమునకు బోల్టులతో బిగింపవలెను. దూలపు పై అంచునకు గాని క్రింది అంచునకు గాని రంధ్రము వేయరాదు. వంపును ఓర్చునది ఆ అంచులే. కంపెనీవారు వేసి ఉంచిన రంధ్రములు సరిపోయినచో క్రొత్తవి వేయకుండుటయే ఉత్తమము. దూలము లోపల డొల్లగా ఉన్నచో బోల్టు బిగించినకొలది అది నొక్కుకొనిపోవును. కావున లోపల చిన్న గొట్టపుముక్క ఆధారముగా పెట్టవలెను. వెల్డింగుతో నేరుగా ఛాసిస్‌కు అతుకుమని తొందరపెట్టు యజమానులు కలరు. ఆ వేడికి ఉక్కు గుణము మాఱి, అతుకు ప్రక్కననే పగులుటకు అవకాశము కలుగును. అందుచేత పెక్కు కంపెనీలు దానికి ఒప్పుకొనవు. అడ్డుదూలమునుండి వెనుకకు వచ్చు నాలుక పన్నెండు మిల్లీమీటర్ల పలకతో చేసి, రెండు ప్రక్కల మూలకట్లు అతుకవలెను. నాలుక బంపరులోనుండియో క్రిందినుండియో బయటికి వచ్చును. చూచువారికి కొక్కెము బంపరుమీదనే ఉన్నట్లు కనబడును. బలము మాత్రము ఎముకకు చేరును. ఎత్తు ఎంతనగా, వెనుకబండిని తగిలించినపుడు అది ముందుకు గాని వెనుకకు గాని వాలక సమముగా నిలువవలెను.

బోల్టులన్నియు ఒకటే అనుకొనుట సామాన్యమైన పొరపాటు. బోల్టు తలమీద అంకెలుండును. 4.6 అన్నచో ఒక్కొక్క చదరపు మిల్లీమీటరు సుమారు నలువది కిలోల లాగు వద్ద తెగును. 8.8 అన్నచో ఎనుబది కిలోల వఱకు నిలుచును. రెంటికి ధరలో కొద్ది రూపాయల తేడా. కొక్కెమునకు 8.8 తప్ప వేఱు పెట్టరాదు. తలమీద అంకెయే లేని బోల్టును చేతితో ముట్టరాదు.

వెల్డింగు మొదలుపెట్టకముందు బ్యాటరీ తీగ ఊడదీయవలెను. లేనిచో నేటి బండ్లలోని విద్యుత్ పరికరములు కాలిపోవచ్చును. డీజిలు ట్యాంకు, బ్రేకు రబ్బరు గొట్టములు దగ్గఱ లేకుండ చూచుకొనవలెను. అందుచేతనే అతుకవలసినదంతయు బల్లమీద అతికి, పిదప బండికి బోల్టులతో బిగించుట మంచిది. రంగుమీద, త్రుప్పుమీద అతికిన అతుకు గోడకు అంటించిన పిడకవంటిది. అంటుకొన్నట్లుండును, ఎండిన రాలును. పలక అంచులను గ్రైండరుతో ఏటవాలుగా చెక్కి, నడుమ లోహము లోతునకు దిగునట్లు, రెండు మూడు వరుసలుగా పోయవలెను. ప్రతి వరుస పైనున్న చిట్టెమును గొట్టి తీసిన పిదపనే మఱొక వరుస. దుకాణములలో ఎక్కువగా వాడు 6013 కడ్డీ నెమ్మదియైనది. అందలి మొదటి రెండంకెలు చదరపుటంగుళమునకు 60,000 పౌండ్ల బలమును తెలుపును. 7018 కడ్డీ ఇంకను గట్టిది గాని తేమను సహింపదు. వానకాలమున తడిసిన పొట్లములోని కడ్డీతో అతికినచో లోలోపల పగులు పుట్టును.

అతుకు ఆఱిన పిదప పరీక్షకు పెద్ద యంత్రములు లేకపోయినను ఒక ఉపాయము కలదు. పూర్వము రైలు కర్మాగారములలో ఇరుసుల పగుళ్ళను కనిపెట్టుటకు వాడినదే. అతుకుమీద కిరసనాయిలు పూసి కొంతసేపు ఉంచవలెను. పిదప గుడ్డతో పొడిగా తుడిచి, బడిలోని సుద్దను రుద్దవలెను. వెండ్రుకంత పగులున్నను, అందులో దాగిన కిరసనాయిలు మెల్లగా ఊఱి తెల్లని సుద్దపై నల్లని గీతగా కనబడును. గీత కనబడిన అతుకునకు పైన మఱొక పూత పోయుట కాదు. గ్రైండరుతో అంతయు తీసివేసి మరల అతుకవలెను. ఇందుకు దుకాణదారుడు విసుగుకొన్నచో కొనవచ్చును.

గుండుకొక్కెము పెట్టించుకొనువారు ఒక తేడాను గమనింపవలెను. ఐరోపా ప్రమాణపు గుండు 50 మిల్లీమీటర్లు. అమెరికా గుండ్లలో ఒకటి 47.6, ఒకటి 50.8 మిల్లీమీటర్లు. పెద్ద గిన్నెను చిన్న గుండుమీద పెట్టినచో ఊరిలో తిన్నగానే పోవును; మొదటి గుంతలో లేచిపోవును. మూడు మిల్లీమీటర్లే గదా అనరాదు. రెండు భాగములమీదను అచ్చుకొట్టిన కొలత ఒకటే అని చదివి చూడవలెను. కాంక్రీటు మిక్సరుల విషయమున మఱొక చిక్కు. వాని చిన్న చక్రములు, స్ప్రింగులు లేని ఇరుసు నెమ్మదిగా జరుపుటకు చేసినవి గాని, తాండూరు నుండి కొడంగలు వఱకు గాలివలె పోవుటకు చేసినవి కావు.

ఎన్ని చేసినను కొక్కెము విఱుగదని ప్రతిజ్ఞ చేయలేము. అందుచేత రెండు గొలుసులు. వానిని నొగ క్రింద కత్తెరవలె అడ్డముగా దాటించి, కొక్కెమునకు కాక అడ్డుదూలమునకే వేఱుగా తగిలింపవలెను. కొక్కెము ఊడినను నొగ ఆ గొలుసుల ఊయలలో పడును. నేలలో గ్రుచ్చుకొని బండి పల్టీకొట్టదు. మలుపు తిరుగుటకు చాలినంత వదులు మాత్రమే ఉంచవలెను. గొలుసు రోడ్డుపై ఈడ్చుకొనిపోరాదు. వెనుకబండికి ఎఱ్ఱదీపములు, ఆగినపుడు వెలుగు దీపము, మలుపు దీపములు ముందుబండినుండి తీగతో కలుపవలెను. చీకటిలో దీపములేని ట్రాలీ వెనుకకు వచ్చి గ్రుద్దుకొన్న ద్విచక్రవాహనముల కథలు ప్రతి ఊరిలో కలవు.

చట్టము కూడ ఈ పనిలో ఒక భాగస్వామి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు కంపెనీ నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనును గట్టిగానే వ్యాఖ్యానించినది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖవారు బండ్ల ముందు పెట్టు ఇనుప అడ్డుకడ్డీలపై చర్య తీసికొనుమని రాష్ట్రములకు వ్రాసిరి. 61వ సెక్షను ప్రకారము వెనుకబండికి సైతము వేఱుగా రిజిస్ట్రేషను అవసరము. కనుక కొక్కెము పెట్టించుటకు ముందు రవాణా కార్యాలయమునను, భీమా కంపెనీలోను విచారించి, వారి సమాధానమును కాగితముపై తీసికొనుట యజమానికి మంచిది. ప్రమాదము జరిగిన పిదప భీమావారు మొదట చూచునది బండి వెనుక అతుకునే.

తగిలించు పని ఎట్లన్నచో: నొగను చేతితో ఎత్తరాదు, దానికి ఒక చిన్న జాకీ కాలు అతికించుకొనవలెను. ముందుబండి పూర్తిగా ఆగి, చేతిబ్రేకు వేసి, ఇంజను ఆపిన పిదపనే ఎవరైనను నడుమకు పోవలెను. పిన్ను దోపిన పిదప దాని కొసకు కట్టుకీలు తప్పక పెట్టవలెను. క్రొత్త కొక్కెమైనచో ప్రతి నట్టుమీదను బోల్టుమీదను కలియునట్లు ఎఱ్ఱరంగుతో ఒక గీత గీయవలెను. మొదటి ఏబది కిలోమీటర్లు నడిచిన తరువాత బండి ఆపి, గీతలు తిన్నగా ఉన్నవో తొలగినవో వంగి చూడవలెను. తొలగిన నట్టును బిగించి, మరల క్రొత్త గీత గీచి, ఏబది కిలోమీటర్ల తరువాత మఱొకమాఱు చూడవలెను.